తొమ్మిది రిపాజిటరీలు, ఒకే బిల్డ్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. బోర్డు మీద లైనక్స్ నడపాలి, దానికి కావలసిన సోర్స్ కోడ్ నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది, దాన్నంతా ఒక తాటి మీదికి ఎలా తేవాలి అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు దాచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. పదకొండేళ్లు బెంగళూరులో ఎంబెడెడ్ లైనక్స్ మీద పనిచేసి, 2018లో అనంతపురం తిరిగొచ్చాను. సప్తగిరి సర్కిల్‌కి దగ్గర్లో మేడ మీద రెండు గదుల్లో మా వర్క్‌షాపు. బోరు మోటార్లకు, డ్రిప్ వాల్వులకు కంట్రోలర్లు తయారుచేస్తాం. మొత్తం నలుగురం.

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలులో చిన్న కంపెనీ. సోలార్ ప్లాంట్లలో ఇన్వర్టర్ల రీడింగులు తీసుకుని సర్వర్‌కి పంపే గేట్‌వే చేస్తున్నాం. యోక్టో (బోర్డుకి కావలసిన లైనక్స్‌ని సోర్స్ నుంచి కట్టిపెట్టే సాధనం) వాడుతున్నాం. మొత్తం తొమ్మిది గిట్ రిపాజిటరీలు (కోడ్‌నీ దాని మార్పుల చరిత్రనీ దాచే చోట్లు): పోకీ (యోక్టో మూల రిపాజిటరీ), మెటా-ఓపెన్‌ఎంబెడెడ్, బోర్డు కంపెనీ ఇచ్చిన లేయర్లు (బిల్డ్ సూచనల కట్టలు) రెండు, మా సొంత లేయర్, కెర్నల్, యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే కెర్నల్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం), మా అప్లికేషన్, ఇన్వర్టర్లతో మాట్లాడే మాడ్‌బస్ లైబ్రరీ. ఏది ఎక్కడ క్లోన్ చేయాలో ఒక వర్డ్ డాక్యుమెంట్‌లో రాసి పెట్టుకున్నాం. అయినా ముగ్గురు ఇంజనీర్లు బిల్డ్ చేస్తే మూడు రకాల ఇమేజ్‌లు (బోర్డులో వేసే మొత్తం సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) వస్తున్నాయి. గిట్ సబ్‌మాడ్యూల్స్ వాడాలా, రెపో టూల్ వాడాలా, కాస్ వాడాలా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: టూల్ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఆ వర్డ్ డాక్యుమెంట్ తెరిచి, క్లోన్ చేయమని రాసిన లైన్లు ఒకసారి చదవండి. 'కర్క్‌స్టోన్ బ్రాంచి తీసుకోండి' అన్నట్టుగా ఏదో ఉంటుంది. (కర్క్‌స్టోన్ అంటే ఒక యోక్టో వెర్షన్ పేరు.) మీ ఇమేజ్‌లు వేరువేరుగా రావడానికి మొదటి కారణం ఆ లైనే. బ్రాంచి అంటే కొత్త మార్పులు వచ్చి చేరుతూ పోయే వరస, అది రోజూ ముందుకు కదులుతూ ఉంటుంది. సోమవారం క్లోన్ చేసినవాళ్లకి ఒక కోడ్, శుక్రవారం చేసినవాళ్లకి ఇంకో కోడ్ వస్తుంది. ఇద్దరూ డాక్యుమెంట్‌లో ఉన్నట్టే చేసి ఉంటారు.

వేరుశనగ వేసే ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది తేలిగ్గా తలకెక్కుతుంది. విత్తనకాయల మూట మీద కదిరి-6 అని రకం పేరు ఉంటుంది, మూతికి కుట్టిన చీటీ మీద లాట్ నంబరు ఉంటుంది. మొలక సరిగా రాలేదని ఫిర్యాదు చేస్తే వ్యవసాయ శాఖ వాళ్లు ఆ చీటీ చూపించమంటారు. కదిరి-6 వేసినవాళ్లు వేలమంది ఉంటారు, ఆ లాట్ మూటలు మాత్రం కొన్నే. బ్రాంచి పేరు రకం పేరు లాంటిది. కమిట్ అంటే గిట్‌లో రికార్డు చేసిన ఒక్కో మార్పు, దాని నంబరు లాట్ నంబరు లాంటిది. గిట్‌లో కమిట్ నంబరు 40 అక్షరాలు, ఆ కోడ్‌నీ దాని చరిత్రనీ లెక్కగడితే వచ్చేది. లోపల ఒక్క కామా మారినా నంబరు మారిపోతుంది. ట్యాగ్ (కమిట్‌కి తగిలించే పేరు) పెట్టుకున్నాం కదా అంటారేమో, ట్యాగ్‌ని తీసి ఇంకో కమిట్ మీద పెట్టొచ్చు. కమిట్ నంబరుతో ఆ పని కుదరదు.

నాకిది ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. 2020లో డన్‌ఫెల్ అనే అప్పటి యోక్టో వెర్షన్ మీద కట్టిన ఇమేజ్‌తో 60 కంట్రోలర్లు గార్లదిన్నె, శింగనమల వైపు చీనీ తోటలకు పంపాం. రెండేళ్లు బాగానే నడిచాయి. 2022 ఎండాకాలంలో మా అప్లికేషన్‌లో ఒక్క లైను మార్చాల్సి వచ్చింది. వాల్వు మూసుకోవడానికి ఆగే సమయం పది సెకన్ల నుంచి పదిహేనుకి పెంచడం, అంతే. మార్చి, బిల్డ్ చేసి, ఒక తోటలో వేసి వచ్చాను. మర్నాడు తెల్లవారుజామున ఆ రైతు ఫోన్ చేశాడు. మోటారు ఆన్ అయింది, ఆపమని పంపిన మెసేజ్ కంట్రోలర్‌కి అందలేదు, రాత్రంతా నీళ్లు పారాయి, బోరు వట్టిపోయింది. ఎండాకాలంలో అనంతపురం జిల్లాలో బోరు నీళ్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన గొంతు ఇప్పటికీ నాకు గుర్తుంది.

నేను మార్చిన లైనుకీ మెసేజ్‌లు అందుకునే మోడెమ్‌కీ ఏ సంబంధమూ లేదు. పాత ఇమేజ్ బిల్డ్ అయినప్పుడు పక్కనే పుట్టిన ప్యాకేజీల జాబితా ఫైల్ ఒక పాత లాప్‌టాప్‌లో మిగిలి ఉంది. దాన్నీ కొత్త జాబితానీ పక్కపక్కన పెట్టి లైనులైనూ చూశాను. దాదాపు నాలుగు వందల లైన్లు. ఎక్కువ భాగం ఒకటే. కెర్నల్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. రెండింటిలోనూ 5.4 అనే ఉంది, కానీ మా బోర్డు కెర్నల్ వెర్షన్ చివర ప్లస్ గుర్తు తర్వాత గిట్ కమిట్ మొదటి పది అక్షరాలు వస్తాయి, ఆ పదీ వేరు. బోర్డు లేయర్‌ని బ్రాంచి పేరుతో తెచ్చుకున్నాం. ఈ రెండేళ్లలో ఆ బ్రాంచి కదిలింది, దాంతోపాటు అందులోని కెర్నల్ రెసిపీ (కెర్నల్‌ని ఎక్కడి నుంచి తెచ్చి ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైల్) ఇంకో కమిట్‌కి మారింది, కొత్త కెర్నల్‌లో యూఎస్‌బీ పోర్టుకి కాసేపు పనేమీ లేకపోతే కరెంటు ఆదా చేసే సెట్టింగ్ మారింది. రాత్రిపూట ఆ పోర్టుకి తగిలించిన మోడెమ్ నిద్రపోయి మళ్లీ లేవలేదు.

పాత లేయర్ ఏ కమిట్ దగ్గర ఉండేదో మాలో ఎవరమూ రాసిపెట్టుకోలేదు. చివరికి ఆ పది అక్షరాలే దారి చూపించాయి. గిట్ లాగ్ కమాండ్‌కి పెద్ద అక్షరం ఎస్ ఆప్షన్ ఇచ్చి ఒక మాట రాస్తే, ఆ మాట ఏ కమిట్‌లో వచ్చింది, ఏ కమిట్‌లో పోయింది చూపిస్తుంది. బోర్డు లేయర్‌లో ఆ పది అక్షరాలు వెతికితే పాత కెర్నల్ వాడిన రోజులు దొరికాయి. మూడు సాయంత్రాలు పట్టింది. కమిట్ నంబరు ఒక్కటి రాసి ఉంటే మూడు నిమిషాల పని.

ఇక మీ తొమ్మిది రిపాజిటరీలు. తొమ్మిదినీ ఒకే గాటన కట్టకండి. అందులో ఐదు లేయర్లు, అంటే ఏది ఎలా బిల్డ్ చేయాలో చెప్పే రెసిపీలు ఉండేవి. కెర్నల్, యూ-బూట్, అప్లికేషన్, మాడ్‌బస్ లైబ్రరీ ఈ నాలుగూ అసలు సోర్స్. వీటిని మీరు చేత్తో క్లోన్ చేయాల్సిన పనే లేదు. రెసిపీలో చిరునామా, ఎస్ఆర్‌సీరెవ్ అనే చోట కమిట్ నంబరు రాస్తే బిట్‌బేక్ (యోక్టోలో బిల్డ్ నడిపే ప్రోగ్రాం) తనే తెచ్చుకుంటుంది. చాలామంది ఈ నాలుగింటినీ డాక్యుమెంట్‌లో కూడా రాస్తారు, రెసిపీలో కూడా రాస్తారు. అప్పుడు ఒక కమిట్ డాక్యుమెంట్‌లో, ఇంకో కమిట్ రెసిపీలో ఉండి, ఏది నిజమో ఎవరికీ తెలియకుండా పోతుంది. సోర్స్ నంబర్లు రెసిపీలోనే ఉండాలి. రెసిపీలు మీ లేయర్‌లో ఉంటాయి. కాబట్టి ఐదు లేయర్ల కమిట్ నంబర్లు ఒక ఫైల్‌లో గట్టిగా పట్టుకుంటే మిగతా నాలుగూ వాటితోనే వచ్చేస్తాయి. కెర్నల్‌లో రోజూ పని చేయాల్సి వస్తే డెవ్‌టూల్ మాడిఫై అని కొట్టండి. ఆ సోర్స్‌ని మీ చేతికి ఇస్తుంది. పని అయ్యాక డెవ్‌టూల్ ఫినిష్ అంటే మార్పుల్ని ప్యాచ్‌లుగా మీ లేయర్‌లోకి చేరుస్తుంది.

ఆ ఒక్క ఫైల్ ఏ రూపంలో ఉండాలన్నదే టూల్ ప్రశ్న. సబ్‌మాడ్యూల్స్ అంటే ఒక రిపాజిటరీ లోపల వేరే రిపాజిటరీలను తగిలించుకోవడం. ఇవి గిట్‌తోనే వస్తాయి, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పై రిపాజిటరీలో ప్రతి లేయర్ కమిట్ నంబరు దానంతట అదే రికార్డవుతుంది. నాలుగైదు లేయర్లకు సరిపోతుంది. చేతి పొరపాట్లకు మాత్రం చోటెక్కువ, దాని మీద కింద ఇంకో ఉత్తరం ఉంది చూడండి.

రెపో టూల్‌ని గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్ కోసం రాశారు. అక్కడ రిపాజిటరీలు వందల్లో ఉంటాయి. మ్యానిఫెస్ట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో లైను: పేరు, ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఏ రివిజన్. రివిజన్ దగ్గర బ్రాంచి పేరు రాసినా ఒప్పుకుంటుంది. ఇబ్బందంతా అక్కడే వస్తుంది. రెపో మ్యానిఫెస్ట్ కమాండ్‌కి చిన్న అక్షరం ఆర్ ఆప్షన్ ఇస్తే, ఆ క్షణంలో మీ మెషిన్‌లో ఉన్న కమిట్ నంబర్లన్నీ పెట్టి కొత్త మ్యానిఫెస్ట్ రాసిస్తుంది. రిలీజ్ చేసే రోజు ఆ ఫైల్ తీసి కమిట్ చేయాల్సిందే. ఎన్ఎక్స్‌పీ వాళ్లు తమ ఐ.ఎంఎక్స్ బోర్డులకు మ్యానిఫెస్ట్‌లే ఇస్తారు. మీ బోర్డు కూడా అలాంటిదైతే రెపో టూల్‌తోనే ఉండండి, కానీ వాళ్ల మ్యానిఫెస్ట్‌ని మీ సొంత రిపాజిటరీలోకి తెచ్చుకుని వాడండి.

ముగ్గురున్న మీ టీముకి నేను చెప్పేది కాస్. సీమెన్స్ వాళ్లు యోక్టో బిల్డ్‌ల కోసమే తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు. ఒక యామల్ ఫైల్‌లో లేయర్ల చిరునామాలు, కమిట్‌లు రాస్తాం. అసలు లాభం ఆ తర్వాత ఉంది. ఏ మెషిన్‌కి, ఏ డిస్ట్రోకి, ఏ ఇమేజ్ కట్టాలి, లోకల్.కాన్ఫ్‌లో (బిల్డ్ సెట్టింగుల ఫైల్‌లో) ఏ లైన్లు ఉండాలి అన్నదంతా అదే ఫైల్‌లో ఉంటుంది. సబ్‌మాడ్యూల్ గానీ రెపో గానీ సోర్స్ తెచ్చిపెట్టి ఊరుకుంటాయి, లోకల్.కాన్ఫ్ ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లదే ఉండిపోతుంది. మీ మూడు ఇమేజ్‌లు వేరుగా రావడానికి రెండో కారణం అదై ఉంటుందని నా గట్టి అనుమానం. ముగ్గురి లోకల్.కాన్ఫ్ ఫైళ్లూ ఒకచోట పెట్టి పోల్చి చూడండి. ఎవరో ఒకరు ఎప్పుడో డీబగ్ కోసం చేర్చిన లైను అలాగే ఉండిపోయి ఉంటుంది.

కాస్ లాక్ అని కమాండ్ కొడితే అన్ని కమిట్ నంబర్లతో విడిగా ఒక లాక్ ఫైల్ తయారవుతుంది. దాన్నీ గిట్‌లో పెట్టండి. కాస్-కంటెయినర్‌తో బిల్డ్ చేస్తే ఉబుంటు వెర్షన్ల తేడా బాధ కూడా తప్పుతుంది. ఇంకొకటి, ఇది ఈరోజే చేయండి: మీ ఇమేజ్‌కి ఇమేజ్-బిల్డ్‌ఇన్ఫో అనే క్లాసు చేర్చండి. ప్రతి లేయర్ బ్రాంచి, కమిట్ నంబరు బోర్డులోనే ఒక చిన్న ఫైల్‌గా రాసిపెడుతుంది. ఎవరైనా లేయర్‌లో చెయ్యిపెట్టి కమిట్ చేయకుండా బిల్డ్ చేస్తే ఆ లేయర్ పక్కన 'మాడిఫైడ్' అని కూడా రాస్తుంది. ఇప్పుడు మా కంట్రోలర్లన్నిటిలో అది ఉంది. తోట గట్టు మీద నిలబడి లాప్‌టాప్ కలిపితే ఆ బాక్సులో ఉన్నది ఏ కోడో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను కడపలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. మా ప్రాజెక్టు రాస్ప్‌బెర్రీ పై మీద. లేయర్లు, మ్యానిఫెస్ట్‌లు చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. అన్నిటినీ కాపీ చేసి ఒకే రిపాజిటరీలో వేసుకుంటే పోదా?
— ఒక విద్యార్థి, కడప

జవాబు: టెన్షన్ పడకు తమ్ముడూ. నీ ప్రశ్న తప్పేమీ కాదు, సగం వరకు నీ మాటే సరైనది.

వేరేవాళ్లు రాసిన కోడ్‌ని కాపీ చేసి నీ రిపాజిటరీలో వేసుకుంటే దాని చరిత్ర తెగిపోతుంది. రేపు అక్కడ ఒక సెక్యూరిటీ లోపం సరిచేస్తే, ఆ మార్పు నీదాకా రావడానికి దారి ఉండదు, చేత్తో వెతికి కలుపుకోవాలి. అందులో నువ్వు నాలుగు ఫైళ్లు మార్చి ఉంటే, ఏది నీది, ఏది వాళ్లది అన్నది ఆరు నెలలకి నీకే గుర్తుండదు. అందుకే వేరేవాళ్ల లేయర్‌లో వేలు పెట్టకుండా, నీ లేయర్‌లో బీబీఅపెండ్ ఫైల్ (వాళ్ల రెసిపీకి మన మార్పుల్ని జతచేసేది) రాసి మార్పు చేస్తాం.

నువ్వు రాసిన కోడ్ మాత్రం నిక్షేపంగా ఒకే చోట పెట్టుకో. ఇద్దరు ముగ్గురున్న టీములు అప్లికేషన్‌కి ఒకటి, కాన్ఫిగరేషన్‌కి ఒకటి, స్క్రిప్టులకు ఒకటి అని ఏడెనిమిది రిపాజిటరీలు తెరుస్తారు. ఒక చిన్న మార్పుకి నాలుగు చోట్ల కమిట్ చేయాల్సి వస్తుంది. కలిసి మారే కోడ్ కలిసే ఉండాలి.

నీ ప్రాజెక్టు ఒకే బోర్డు మీదైతే యోక్టో జోలికి పోకుండా బిల్డ్‌రూట్ చూడు, అదీ బోర్డుకి లైనక్స్ కట్టిపెట్టే సాధనమే. అది మొత్తం ఒకే రిపాజిటరీ. నీ ఫైళ్లన్నీ బీఆర్2 ఎక్స్‌టర్నల్ అనే విడి ఫోల్డర్‌లో ఉంటాయి. ఏడాదికి నాలుగుసార్లు, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో కొత్త వెర్షన్ వస్తుంది. ఫిబ్రవరిది తీసుకో, దానికి ఎక్కువ కాలం సపోర్టు ఉంటుంది. రెండు రిపాజిటరీలతో నీ పని అయిపోతుంది.

ప్రశ్న: మేడమ్, సబ్‌మాడ్యూల్‌గా ఉన్న మా లేయర్‌లోకి వెళ్లి రెండు రోజులు పనిచేసి కమిట్ చేశాను. తర్వాత పై ఫోల్డర్‌లో గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కొట్టాను. నా కమిట్‌లన్నీ మాయం. నాకు ఏడుపొక్కటే తక్కువ. తిరిగి వస్తాయా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వస్తాయమ్మా. కమిట్ చేశానన్నారు కాబట్టి ధైర్యంగా ఉండండి. ఆ సబ్‌మాడ్యూల్ ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ రిఫ్లాగ్ అని కొట్టండి. మీరు ఈ మధ్య ఏయే కమిట్‌ల మీద నిలబడ్డారో వరసగా చూపిస్తుంది. మీరు రాసిన కమిట్ మెసేజ్ అందులో కనిపిస్తుంది. దాని ఎదురుగా ఉన్న నంబరు తీసుకుని గిట్ బ్రాంచ్ అని, ఒక కొత్త పేరు, ఆ నంబరు రాసి ఎంటర్ కొట్టండి. మీ రెండు రోజుల పనీ ఆ బ్రాంచిలో ఉంటుంది. ఈ పని ఈ వారంలోనే చేయండి. ఏ బ్రాంచికీ అందని కమిట్‌లను రిఫ్లాగ్ మామూలుగా 30 రోజులే పెట్టుకుంటుంది, ఆ తర్వాత చెత్త తీసేటప్పుడు తీసేస్తుంది.

ఎందుకిలా జరిగిందంటే, సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ మిమ్మల్ని బ్రాంచి మీద నిలబెట్టదు, నేరుగా ఒక కమిట్ మీద నిలబెడుతుంది. అక్కడ మీరు చేసిన కమిట్‌లకు పేరు లేదు. మళ్లీ అప్‌డేట్ కొట్టగానే పై రిపాజిటరీలో రాసి ఉన్న పాత కమిట్‌కి వెళ్లిపోయింది. ఇకమీదట సబ్‌మాడ్యూల్‌లో పని మొదలుపెట్టే ముందే బ్రాంచి తెరవండి.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటి ఉంది, అది పక్కవాళ్లని ఏడిపిస్తుంది. లేయర్‌లో కమిట్ చేసి, దాన్ని పుష్ చేయడం (సర్వర్‌కి పంపడం) మరచి, పై రిపాజిటరీని పుష్ చేసేస్తారు. మిగతావాళ్లు తీసుకుంటే ఆ కమిట్ సర్వర్‌లో ఉండదు, బిల్డ్ మొదలే కాదు. గిట్ కాన్ఫిగ్‌లో పుష్.రికర్స్‌సబ్‌మాడ్యూల్స్ అన్నదానికి చెక్ అని పెట్టండి. కింద పుష్ కాకుండా పైన పుష్ చేయనివ్వదు.

ప్రశ్న: మా ఆఫీసులో నెట్ అంతంతమాత్రం. బిల్డ్ మధ్యలో డౌన్‌లోడ్ ఫెయిల్ అయి రాత్రంతా వృథా అవుతుంది. అన్నీ మా దగ్గరే దాచుకునే పద్ధతి చెప్పగలరా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: నెట్ బాగున్నవాళ్లకి కూడా ఇది అవసరం. పైన చెప్పిన 2022 బిల్డ్‌లో మోడెమ్ గొడవ కంటే ముందే ఇంకో గొడవ అయింది. రెండేళ్ల కింద చక్కగా డౌన్‌లోడ్ అయిన రెసిపీలు వరసపెట్టి ఫెయిలయ్యాయి. కారణం, పాత రెసిపీల్లో చిరునామాలు గిట్ ప్రోటోకాల్‌తో ఉండేవి. దానికి ఎన్‌క్రిప్షన్ లేదని గిట్‌హబ్ వాళ్లు 2022 మార్చి 15న దాన్ని పూర్తిగా ఆపేశారు. ప్రతి చిరునామా చివర ప్రోటోకాల్ హెచ్‌టీటీపీఎస్ అని చేర్చుకుంటూ పోయాను. అది తేలాక ఇంకొన్ని ఆగాయి. ఆ ప్రాజెక్టుల వాళ్లు మాస్టర్ బ్రాంచి పేరును మెయిన్ అని మార్చేశారు. రెసిపీలో బ్రాంచి రాయకపోతే ఆ బిట్‌బేక్ మాస్టర్ అనుకుని వెతికేది, అది అక్కడ లేదు. కోడ్ ఎక్కడికీ పోలేదు, కమిట్ నంబరు సరిగానే ఉంది, చేరే దారి మూసుకుపోయింది. నంబరు రాసుకోవడం ఎంత ముఖ్యమో, ఆ సరుకు మన ఇంట్లో ఉండడం అంత ముఖ్యమని నేను అప్పటి నుంచి అందరికీ చెప్తున్నాను.

పద్ధతి ఇది. డీఎల్_డీఐఆర్ అనేదాన్ని (డౌన్‌లోడ్‌లు దాచే ఫోల్డర్‌ని) ప్రాజెక్టు ఫోల్డర్ బయట, అందరికీ అందే డిస్కులో పెట్టండి. బీబీ_జనరేట్_మిర్రర్_టార్‌బాల్స్ అన్నదానికి 1 ఇస్తే గిట్ నుంచి తెచ్చిన సోర్స్‌ని కూడా ఒక్కో టార్ ఫైల్‌గా కట్టి పెడుతుంది. రాత్రి ఇంటికి వెళ్లేముందు బిట్‌బేక్‌కి ఇమేజ్ పేరు చెప్పి, రన్ఆల్ ఫెచ్ అనే ఆప్షన్ ఇవ్వండి. కంపైల్ జోలికి పోకుండా డౌన్‌లోడ్‌లు మాత్రమే చేస్తుంది. ఫెయిలైనవి ఉంటే పొద్దున మళ్లీ అదే కమాండ్, వచ్చినవి మళ్లీ తేదు. అంతా వచ్చాక ఓన్-మిర్రర్స్ క్లాసుతో ఆ ఫోల్డర్‌నే మీ సొంత మిర్రర్‌గా (సోర్స్ తెచ్చుకునే నకలు చోటుగా) చూపించండి. ఆఖరున ఖాళీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పెట్టి, బీబీ_నో_నెట్‌వర్క్‌కి 1 ఇచ్చి, నెట్ కేబుల్ పీకి ఒకసారి మొత్తం బిల్డ్ చేసి చూడండి. ఏదైనా లోపిస్తే అక్కడే ఆగి పేరుతో సహా చెప్తుంది.

లేయర్లకు మాత్రం బిట్‌బేక్ మిర్రర్ పనిచేయదు. వాటిని గిట్ క్లోన్‌కి మిర్రర్ ఆప్షన్ ఇచ్చి మీ సర్వర్‌లో పెట్టుకుని, కాస్ ఫైల్‌లో ఆ చిరునామాలే రాయండి. అవతలివాళ్లు బ్రాంచిని తిరగరాసినా, రిపాజిటరీనే తీసేసినా మీ కమిట్ మీ దగ్గర ఉంటుంది. మా డౌన్‌లోడ్స్ 14 జీబీ, లేయర్ల మిర్రర్లు దాని ముందు లెక్కే కాదు. డిస్కు గురించి ఆలోచించాల్సింది బిల్డ్‌కి. దానికి కనీసం 90 జీబీ ఖాళీ ఉంచుకోండి.

ప్రశ్న: రెసిపీలో ఎస్ఆర్‌సీరెవ్‌కి ఆటోరెవ్ పెడితే ఎప్పుడూ లేటెస్ట్ కోడ్ వస్తుంది కదా, అందులో తప్పేముంది?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: మీ టేబుల్ మీద, మీ సొంత అప్లికేషన్‌కి, మధ్యాహ్నం దాకా వాడుకోండి. రిలీజ్ అయ్యే ఫైల్‌లో అది ఉంటే, ఏ కోడ్ పంపామో మీకే తెలియని ఇమేజ్ పొలాల్లోకి పోతుంది. పైగా ప్రతిసారీ సర్వర్‌ని అడగాలి కాబట్టి నెట్ లేకపోతే రెసిపీలు చదవడమే ఆగిపోతుంది.

ప్రశ్న: బోర్డు కంపెనీ లేయర్ డన్‌ఫెల్ కాలంది. మేము స్కార్త్‌గ్యాప్ అనే తర్వాతి యోక్టో వెర్షన్‌కి వెళ్లాలి. పోకీని ఒక్కదాన్నీ మార్చి మిగతావి అలాగే ఉంచొచ్చా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: కుదరదమ్మా. ప్రతి లేయరూ తను ఏ యోక్టో వెర్షన్లతో నడుస్తుందో లేయర్‌సిరీస్_కంపాట్ అనే లైనులో రాసుకుంటుంది. పేరు లేకపోతే బిట్‌బేక్ మొదట్లోనే ఆపేస్తుంది. కొందరు ఆ లైనులో స్కార్త్‌గ్యాప్ అని చేర్చేసి ముందుకు పోతారు. దయచేసి అలా చేయకండి. 2021 అక్టోబరు వెర్షన్ నుంచి రెసిపీల రాతే మారింది, అపెండ్ ముందు అండర్‌స్కోర్ ఉన్న చోట కోలన్ వచ్చింది. పాత రాత రాసిన లైన్లను కొత్త బిట్‌బేక్ పాత అర్థంలో తీసుకోదు. యోక్టోతో పాటే వచ్చే కన్వర్ట్-ఓవర్‌రైడ్స్ అనే స్క్రిప్టు చాలావరకు మార్చిపెడుతుంది, మిగిలినవి కళ్లతో చూసుకోవాలి. లేయర్లన్నిటినీ ఒకేసారి, ఒకే కమిట్‌లో కదపండి, పాత లాక్ ఫైల్ విడి బ్రాంచిలో ఉండనివ్వండి. పాత బాక్సులకు రిపేరు వస్తే దానితోనే బిల్డ్ చేస్తారు. పని పెద్దదే, కానీ స్కార్త్‌గ్యాప్‌కి 2028 ఏప్రిల్ దాకా సపోర్టు ఉంది, పెట్టిన శ్రమ నిలుస్తుంది.

ప్రశ్న: మా గేట్‌వే కొన్న ఒక కస్టమర్ 'మీ లైనక్స్ సోర్స్ కోడ్ ఇవ్వండి' అని మెయిల్ పెట్టాడు. మా అప్లికేషన్ కూడా ఇచ్చేయాలా? ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి?
— మొదటి ఉత్తరం రాసిన కర్నూలు పాఠకుడే

జవాబు: కంగారు పడకండి, ఆయన అడిగింది న్యాయమైనదే. కెర్నల్, యూ-బూట్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కిందివి. బాక్సుతో పాటే సోర్స్ ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా మాట ఇవ్వాలి, ఆ మాట కనీసం మూడేళ్లు చెల్లాలి. మీరు విడిగా రాసుకుని విడిగా నడిపే అప్లికేషన్ అందులోకి రాదు. అయితే జీపీఎల్ లైబ్రరీని దానిలోకి లింక్ చేశారేమో చూసుకోండి. ఆ మాడ్‌బస్ లైబ్రరీ లైసెన్స్ ఏమిటో ఈరోజే తెరిచి చదవండి. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి.

ఇవ్వాల్సింది ఆ కస్టమర్ బాక్సులో ఉన్న ఇమేజ్‌కి సరిగ్గా సరిపోయే సోర్స్. ఇవాళ బ్రాంచిలో ఉన్నది తీసి ఇస్తే లెక్కకు రాదు. ముందు ఆ బాక్సులో ఏ వెర్షన్ ఉందో కనుక్కోండి, ఆ రోజు లేయర్లు ఏ కమిట్‌ల దగ్గర ఉన్నాయో పట్టుకోండి. నంబర్లు రాసి లేకపోతే నేను చేసినట్టు కెర్నల్ పేరు చివరి పది అక్షరాల నుంచి మొదలుపెట్టండి. దొరికాక ఆర్కైవర్ అనే క్లాసు పెట్టి ఇంకోసారి బిల్డ్ చేస్తే, రెసిపీ వారీగా సోర్స్‌నీ ప్యాచ్‌లనీ విడదీసి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. అన్నట్టు, ఆ లైసెన్స్‌లో సోర్స్ అంటే ఏమిటో చెప్పే చోట, కంపైల్ చేయడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు కూడా అందులోకే వస్తాయని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి మీ కాస్ ఫైల్, లాక్ ఫైల్, కెర్నల్ కాన్ఫిగరేషన్ మూడూ అదే డిస్కులో వేసి పంపండి. పంపేముందు ఆ డిస్కుని ఒక ఖాళీ మెషిన్‌కి తగిలించి, దానితోనే కెర్నల్ కట్టి, మీ గేట్‌వేలో వేసి బూట్ అవుతుందో లేదో చూడండి.